నాన్న వాకిట్లో నాటిన గరిక

శ్రీకాకుళంలో మేముండే కాలనీకి ఈ మధ్యనే ఒక పార్కు వచ్చింది. పార్కంటే పెద్దగా ఊహించుకోకండి, నాలుగు సిమెంటు బల్లలూ, మధ్యలో పరుపు పరిచినట్టు లాన్ అనే గడ్డీ, దానికి గొట్టంతో నీళ్లు చిమ్మే ఏర్పాటూ, అంతే. మొన్న పొద్దున్న మా పక్కింటావిడ అక్కడ చెప్పులు విడిచేసి గబగబా తిరుగుతూ, నన్ను చూసి, మీరూ రండి, మంచుతడి ఆరకముందే గడ్డిమీద ఒట్టికాళ్లతో నడిస్తే కళ్లకి ఎంత మంచిదో తెలుసా అని పిలిచింది. మంచి మనిషే, ఆవిడకేం తెలుసు పాపం. మోకాళ్ల నొప్పులని వంక పెట్టి ఇంటికొచ్చేశాను గానీ ఆ పూటంతా నాకు కాఫీ కూడా సహించలేదు. ఆ మాటనే నమ్ముకుని మా ఇల్లు ఇల్లంతా ఒక ఎండాకాలం ఎలా కొట్టుమిట్టాడిందో, నా ఈడువాళ్లు మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను.

మాది కోటబొమ్మాళి దగ్గర చిన్న ఊరు, నాన్నది వరి వ్యవసాయం. ఆ రోజుల్లో వాకిలంటే ఎలా ఉండేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే పేడనీళ్లు కళ్లాపి చల్లి, ఊడ్చి, ముగ్గేస్తే అద్దంలా ఉండాలి, మచ్చుకి ఒక గడ్డిపరక కనిపించకూడదు. నీ వాకిట్లో గడ్డి మొలవా అని తిట్టుకునేవాళ్లు మా వైపు ఆడవాళ్లు, అంతకన్నా పెద్ద శాపనార్థం ఉండేది కాదు. మా నానమ్మ అయితే ఇటుకల సందున చిన్న మొలక కనిపించినా చేతిలో పని వదిలేసి వేళ్లతో సహా పీకేసేది.

అలాంటి వాకిట్లోకి గడ్డి వచ్చిందంటే దానికి కారణం మా చెల్లి. బడికి వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలోనే దానికి దీపాలు పెట్టే వేళకి గడపలు తగలడం మొదలైంది. రేచీకటి అన్నారు, పొన్నగంటి కూర పెట్టమన్నారు, మునగాకు పెట్టమన్నారు, అమ్మ రెండూ పూటపూటా పెట్టింది. తరవాత పగలు కూడా పక్కనున్న మనిషి దాని కంటికి ఆనడం మానేశాడు, ఎదురుగా నిలబడితేనే తెలిసేది. అన్నం తింటూ పక్కనున్న మంచినీళ్ల గ్లాసు కోసం అది నేలంతా తడుముకుంటుంటే అమ్మ చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

నాన్న దాన్ని పట్నంలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు పెద్దాయన, మెత్తని మనిషి. చాలాసేపు చూసి, నరాల బలహీనత అని, చూద్దాం, దేవుడున్నాడని, ఇంతలో పిల్లని పచ్చదనంలో తిరగనివ్వండి, కళ్లకి చల్లగా ఉంటుందని చెప్పి పంపించాడట. నాన్నని ఉత్తచేతులతో పంపించలేక అన్న మాటే అది, ఇప్పుడు నాకు తెలుస్తోంది. నాన్న మాత్రం దాన్ని మందుచీటీ కింద తీసుకున్నాడు. దానికి, మంచులో గడ్డిమీద నడిస్తే చూపు నిలుస్తుందని ఊళ్లో అందరూ అనే మాట ఒకటి తోడయింది.

ఆ కార్తీకంలో నాన్న గునపం పట్టుకుని, ఏళ్ల తరబడి పేడతో అలికి అలికి రాయిలా గట్టిపడ్డ మా వాకిలిని పెళ్లగించాడు. చెరువుమట్టీ, పశువుల గెత్తమూ పోసి, పొలం గట్లమీంచి గరిక వేళ్లు గంపలతో తెచ్చి, జానెడు జానెడు దూరంలో నారు నాటినట్టు నాటాడు. ఏ గరికని పీకి పీకి ఆయన నడుం వంగిపోయిందో ఆ గరికే. దారినపోయే వరసైనవాళ్లు ఊరుకుంటారా. ఏటి మావా, వచ్చే ఏడు వరి వాకిట్లోనూ, గడ్డి మడిలోనూ ఏస్తావేటి అని నవ్వారు. నాన్న తలెత్తలేదు. నానమ్మ అరుగు మీద కూలబడి, "ఒరే, వాకిట్లో గడ్డి మొలిస్తే ఇల్లు పాడయిపోనాదంటారు గానీ బాగుపడినాదని ఎవులైనా అంటారేట్రా?" అని నెత్తి బాదుకుంది. కళ్లాపి చల్లడానికి చోటు లేక చెంబు పట్టుకుని ఆవిడ ఏడవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

గరిక చచ్చే జాతి కాదు కదా, సంక్రాంతి నాటికి వాకిలంతా అల్లుకుంది. పిల్ల కాళ్లకి గుచ్చుకోకుండా నాన్న గొంతుకూచుని కొడవలితో ఎత్తూ పల్లం లేకుండా కోసేవాడు. బడినుంచి రాగానే తుంగా, పల్లేరు మొక్కలూ ఏరెయ్యడం నా వంతు. పొద్దున్నే మంచులో చెల్లి పరికిణీ ఎత్తిపట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేది. నాన్న అరుగు మీద కూర్చుని, కంచె పక్కనున్న మందారం ఇవాళ ఎన్ని పూసిందో చెప్పమ్మా అని అడిగేవాడు. అది ఆగి, తల కాస్త వంచి చూసి, ఎన్ని పూస్తే అన్నీ చెప్పేది. ఒక్కరోజు తప్పలేదు. అంత దూరం నుంచి చెప్పేస్తోంది, చూపు మళ్లుతోందని నాన్న పొలంలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆ నెలల్లో అమ్మ మళ్లీ తలలో పూలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఫాల్గుణం దాటేసరికి మంచు ఆగిపోయింది, ఎండలు ముదిరాయి, గోరుచుట్టు మీద రోకటి పోటులా నుయ్యి అడుగంటింది. చేద వేస్తే సగం బురదే వచ్చేది. గడ్డి చివర్లు పసుపెక్కడం మొదలుపెట్టగానే మా అందరికీ పిచ్చెత్తినట్టయింది. పచ్చదనం పోతే పిల్ల చూపు పోతుందని ఒకరితో ఒకరం అనలేదు గానీ అందరి మనసులోనూ అదే. బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకి వెళ్లడం మానేసి గడ్డిలోకి వెళ్లాయి, గేదె పాలు తగ్గించేసింది. అమ్మ మా ఇద్దరికీ గడ్డిమీదే నిలబెట్టి స్నానం చేయించేది, రోజుకో మూల. నాన్న దూరంగా ఉన్న ఏటి చెలమలనుంచి కావిడితో నీళ్లు మోసేవాడు, భుజం మీద చర్మం లేచిపోయి చొక్కాకి అంటుకునేది. అంత కష్టపడీ, చెల్లి లేవకముందే వేపకొమ్మ చెంబులో ముంచి గడ్డిమీద చినుకులు చినుకులుగా విదిలించేవాడు, మంచు ఇంకా కురుస్తోందని పిల్ల అనుకోవాలని. దేవుడా, ఈ ఒక్క ఏడూ గడ్డి ఎండనివ్వకు అని నేను దండం పెట్టుకోని దేవుడు లేడు.

ఒక సాయంత్రం చీకటిపడ్డాక ఎవరిదో మేక కంచె దూరి మందారాన్ని మొదలంటా మేసేసింది. మేం దీపాలవేళ పనుల్లో ఉండి చూసుకోలేదు. పొద్దున్న లేచేసరికి రెండు కర్రలు తప్ప అక్కడేమీ లేదు. అమ్మ మేకని తిట్టడానికి నోరు తెరిచేలోపే చెల్లి గడ్డిమీదికి దిగింది, రోజూ ఆగేచోటే ఆగింది, తల వంచి చూసింది. నాన్న ఇంకా అటు చూడనేలేదు, అలవాటు కొద్దీ అడిగేశాడు.

"రెండు పూసినాయి నాన్నా. ఒకటి పెద్దది, ఎర్రగా ఉన్నాది" అంది చెల్లి.

అప్పుడు నాన్న అటు చూశాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గోడకి అంటుకుపోయాను. ఏ రోజు లెక్కకైనా ముందటి సాయంత్రమే అది కంచె దగ్గరికి వెళ్లి, రేపు విచ్చుకునే మొగ్గలు వేళ్లతో తడిమి లెక్కపెట్టుకునేదని మాకప్పుడు అర్థమైంది. అది చూపు ఆనకపోయినా తల వంచి, మా కోసం చూస్తున్నట్టు నటించింది, అన్ని నెలలూ.

"ఔనమ్మా. రెండే పూసినాయి" అన్నాడు నాన్న.

ఇంక గడ్డికి నీళ్లెందుకు, మీరే చెప్పండి. కానీ నాన్న కావిడి ఎత్తుకుని ఏటికి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం నానమ్మ తన స్నానానికి దాచుకున్న చెంబెడు నీళ్లూ తెచ్చి గడ్డిలో ఒంపేసింది. మర్నాటి నుంచి నాన్న మళ్లీ అరుగు మీద కూర్చుని పూలు అడిగేవాడు, చెల్లి తోచిన లెక్క చెప్పేది, నాన్న ఔననేవాడు. ఆ మూడు మాటలూ వినలేక అమ్మ పొయ్యి దగ్గరే కూర్చునేది. వానలు పడ్డాక ఎవరూ పట్టించుకోకుండానే గరిక మోకాలెత్తు లేచింది. ఆ వానల్లోనే చెల్లికి మిగిలిన ఆ కాస్త వెలుగూ పోయింది.

ఇప్పుడు ఊళ్లో వాకిళ్లన్నీ సిమెంటు చేసేశారు, గడ్డికే కాదు ముగ్గుకీ మట్టి లేదు. కళ్ల ఆసుపత్రిలో యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చుంటే చాలు, జబ్బు పేరేమిటో, ఎన్నాళ్లు చూపుంటుందో, మందుందో లేదో, అన్నీ మొదటిరోజే మొహం మీద చెప్పేస్తారు. అదే మంచిదని అందరూ అంటారు, నేనూ అంటాను. మా డాక్టరు కూడా అలా చెప్పేసి ఉంటే నాన్న భుజం అలా చీరుకుపోయేది కాదు, నిజమే. కానీ ఆ మాట ముందే వినుంటే ఆయన ఆ ఎండాకాలం ఎలా గడిపేవాడో నేను ఊహించలేను.

చెల్లి ఇప్పుడు గజపతినగరంలో ఉంటుంది, పిల్లలకి పాట నేర్పుతుంది. నాన్న పోయిన చాన్నాళ్లకి, అక్కని కదా అని ధైర్యం చేసి ఆ మందారం సంగతి అడిగాను. ఆ పొద్దున్న నాన్న జవాబు రావడం ఆలస్యమైందట, ఆ కాసేపట్లోనే ఆయనకి తెలిసిపోయిందని దానికీ తెలిసిపోయిందట. మరి తెలిసీ వానలు పడేదాకా రోజూ ఎందుకు నడిచావే అన్నాను.

"నేను నడక మానేస్తే నాన్న పొద్దున్నే లేచి ఏటి సేస్తాడప్పా?" అంది.

ఆ ఎండాకాలం నాటికి దానికి తొమ్మిదేళ్లు నిండలేదు.