ఎండిన ఎర్త్ గుంత

కళ్యాణదుర్గంలో నెట్ ఆగిపోతే జనం కంపెనీకి చెప్పుకోరు, తిప్పేష్‌కి ఫోన్ కొడతారు. వైర్లు, పోర్టులు, రూటర్ల గొడవ ఆయనకు కొట్టిన పిండి. ఇంటి మనిషి చెప్పింది మాత్రం చెవికెక్కదు. ఆ ఉదయమే భార్య పుష్పావతి, గ్రైండర్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని చెప్పింది. వేళకు తిను, నరాల నీరసం పోతుందని నవ్వి బండెక్కాడు పెద్దమనిషి.

మధ్యాహ్నం ఉమాదేవి ఇంటికి వెళ్లాడు. ఆమె ఇంట్లోంచే బెంగళూరు కంపెనీ పని చేస్తుంది. కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య కనెక్షన్ మళ్లీ తెగింది. రూటర్ దాకా నెట్ బాగానే వస్తోంది, ఫోన్లో వైఫై ఆడుతోంది. కంప్యూటర్ నుంచి రూటర్‌కి పింగ్ కొడితే మాత్రం జవాబు లేదు. వైరు మార్చి చూశాడు, లాభం లేదు. తన ల్యాప్‌టాప్ తగిలిస్తే రూటర్ వెంటనే పలికింది. అంటే కంప్యూటర్ వెనక పోర్టే పోయింది. కిందటిసారీ అదే పోతే కొత్త కార్డు వేసి చేతులు దులుపుకున్నాడు. ఎందుకు పోతోందో ఆలోచించలేదు.

కార్డు విప్పుదామని ఒట్టి కాళ్లతో వంగి క్యాబినెట్ పట్టుకున్నాడు. మోచేతి దాకా జివ్వుమంది.

గబుక్కున టెస్టర్ తీసి, బోర్డులో పైనుండే పెద్ద రంధ్రంలో పెట్టాడు. అది ఎర్త్‌ది, అక్కడ టెస్టర్ వెలగకూడదు. ఎర్రగా వెలిగింది.

“ఉమక్కా, ఎర్త్ గుంతకు నీళ్లు పోస్తాండారా?”

“తాగేదానికే ట్యాంకరు కోసం కాసుకోనుండాము. గుంతకు యాడ పోసేది అన్నా?”

ఇంటి పక్కన ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గుంత తడిగా ఉంటేనే, ఏ మిషన్లోంచి కారిన కరెంటైనా భూమిలోకి దిగుతుంది. అందుకే ఎండాకాలం బిందెడు నీళ్లు పోస్తుంటారు. ఈ కరువులో మానేశారు. ఇంట్లో ఏ మోటారులోనో కారిన కరెంటు దిగే దారి లేక, ఎర్త్ వైరు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఫ్రిజ్జు తలుపులో ఉంది, కంప్యూటర్ రేకులో ఉంది. పాపం, పోర్టులు తాము ముందు చచ్చి మనుషులకు కబురు పెట్టాయి.

తిప్పేష్ మెయిన్ స్విచ్ దించి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఎత్తొద్దని చెప్పాడు. అప్పుడు తట్టింది పుష్పావతి మాట. తమ గుంతకు నీళ్లు మాన్పించింది తానే. నేలకు పోస్తే ఏమొస్తుంది, బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు పెట్టమన్నాడు. ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

బండి ఎలా నడిపాడో తెలియదు. వీధి మొదట్లోనే తన ఇంటి గ్రైండర్ చప్పుడు వినిపించింది. లోపలికి పోకుండా, వసారాలో మీటరు దగ్గరకు దూకి మెయిన్ దించాడు. చప్పుడు ఆగింది. లోపల అలికిడి లేదు.

“కరెంటు పోయినట్టుండాదే. పిండి సగంలోనే ఉండాది,” అంది పుష్పావతి వంటింట్లోంచి.

తిప్పేష్ గడప మీద కూలబడ్డాడు. ఆమె ఒట్టి కాళ్లతో, నీళ్లు కారే చేతులతో బయటికొచ్చింది. ఆ చేతులు చూసి ఏడ్చేశాడు. ఎందుకో చెప్పకుండానే లేచి, తాగే నీళ్ల బిందె ఎత్తుకెళ్లి గుంతలో కుమ్మరించాడు. నేల గుటుక్కున తాగేసింది, పైన తడి కూడా నిలవలేదు. రేపు మళ్లీ పోయాలి. ట్యాంకరు ఆదివారం గానీ రాదు.