మా ఆవిడ బావ, ఆయన టేకు సామాను

ఇల్లు అమ్మేవాడు అక్కర్లేని సామాను కూడా మన నెత్తిన రుద్దుతుంటే ఏం చేయాలో కరీంనగర్‌లో నన్ను అడగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు నిలబడి ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. అందులో నేను సోఫాను కాలితో ఒక్క తన్ను తంతాను. నాకు ఇల్లు కావాలి గానీ ఫర్నిచర్ దుకాణం కాదని అంటాను. ఎదుటివాడు చెమటలు తుడుచుకుంటూ తాళాలు నా చేతిలో పెడతాడు. వినేవాళ్లు నవ్వుతారు. మా ఆవిడ మాత్రం అటు తిరిగి చెప్పులు వేసుకుంటుంది.

సోఫాను నేను తన్నలేదు. దాని మీద కూర్చున్నాను. టీ తాగాను. బిస్కెట్లు కూడా తిన్నాను.

మా ఆవిడ పుట్టి పెరిగింది కరీంనగర్ మిషన్ కాంపౌండులో. నా నౌకరీ అంతా ఆదిలాబాద్ వైపు, ఒక సర్కారు కలప డిపోలో గుమస్తాగా. దుంగలు కొలవడం, నంబర్లు వేయడం, వేలంలో పాడుకున్నవాళ్లకు పర్మిట్ రాసి సంతకం పెట్టడం. రిటైరయ్యాక ఆమె మాట మీద కరీంనగర్ వచ్చాం. అద్దెకు పై వాటా దొరికింది. పద్దెనిమిది మెట్లు. మొదట్లో ఆమె గబగబా దిగేది. తర్వాత గోడ పట్టుకుని, ఆ తర్వాత పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగడం మొదలుపెట్టింది. ఒక వానాకాలం వరుసగా నాలుగు ఆదివారాలు చర్చికి పోలేకపోయింది. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మంచం మీదే కూర్చుని, చర్చిలో తన వంతు పాడే గొంతులో ఒక్కతే పాడుకుంది.

"నా కాళ్ల మీద నేను నడిచిపోయేటంత దూరంల ఒక్క ఇల్లు చూడయ్యా. మెట్లు లేంది. ఇంకేం అడుగ," అంది.

అలాంటి ఇల్లు ఉంది. చర్చి వెనక గల్లీలో, మూడు గదులు, నేలకు సమానంగా గడప. పింఛను కింద వచ్చిన సొమ్ముతో దాన్ని కొనొచ్చు. అన్నీ బాగున్నాయి, అది ఎవరి ఇల్లన్నది తప్ప.

అది మా ఆవిడ బావది. సొంత మేనత్త కొడుకు. మేనత్త కొడుకంటే ఉత్త చుట్టం కాదు కదా, పెళ్లి మాట వస్తే మొదటి హక్కు వాడిది. వాళ్లిద్దరికీ ముడిపెట్టాలని పెద్దలు ఒకప్పుడు అనుకున్నారట. ఎందుకు కుదరలేదో నేనెన్నడూ అడగలేదు. అంటే, సూటిగా అడగలేదు. నలభై రెండేళ్ల కాపురంలో ఏటా ఏదో ఒక వంకన అడుగుతూనే ఉన్నాను. "గప్పుడు ఆయన చదువుకుంటుండె, గంతే," అనేది ఆమె. ఆ గంతేలో ఎంతుందో కొలిచే టేపు మా డిపోలో లేదు.

వరసకు ఆయన నాకు అన్న. నన్ను తమ్మీ అంటాడు, ఆమెను మరదలా అంటాడు. డెబ్బై దాటినా తల నిండా జుట్టు. ఆయన పాడితే బెంచీ చెక్కలో వణుకు తెలుస్తుందని మా ఆవిడ ఒకసారి అంది. నేను పాడితే ఏమవుతుందో చెప్పలేదు. పెద్దపల్లిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గోడలకే అల్మారాలు, మంచాల కిందే పెట్టెలు, అంతా కొత్త తరహా. భార్య అప్పటికే అక్కడికి పోయింది. ఇక్కడి ఇంట్లో ఆయనా, ఆయన టేకు సామానూ మిగిలారు.

మొదటిసారి పోయినప్పుడు ఆయనే టీ పెట్టి తెచ్చాడు. "నీకు చక్కెర తక్కువ గదా మరదలా," అని ఆమె కప్పు వేరేగా ఇచ్చాడు. ఆమెకు చక్కెర ఎంత కావాలో నాకూ తెలుసు. అబద్ధం, నాకు తెలియదు. మా ఇంట్లో టీ పెట్టేది ఆమె.

ఇల్లు చూశాక ఆయన మెల్లగా సోఫా సంగతి ఎత్తాడు. చేతుల మీద నెమళ్లు చెక్కిన సోఫా. ఇంత మంచిది మళ్లీ దొరకదని, ఇంటితో పాటు తీసుకోమని అన్నాడు. చూద్దామన్నాం. రెండోసారి పోతే సోఫాకు భోజనాల బల్ల తోడైంది, ఎనిమిది కుర్చీలతో సహా. మూడోసారికి నాలుగు కాళ్ల స్టాండు ఉయ్యాల, అద్దం బల్ల, దాని ముందు పీట, చెక్క బీరువా కూడా వచ్చి చేరాయి. మేం ఇంకా నాలుగుసార్లు పోయి ఉంటే పెరట్లోని దానిమ్మ చెట్టుకు కూడా ధర కట్టేవాడు.

"ఇల్లు, సామాను కలిపే తమ్మీ. విడగొట్టి ఇయ్య. హుజూరాబాద్ పార్టీ ఒకటి అన్నీ కలిపి తీసుకుంటమని తిరుగుతుండ్రు. చుట్టాలని ముందుగాల్ల మీకు చెప్తున్న," అన్నాడు.

సామాను ధర కలిస్తే మా సొమ్ము ఇంటికి చాలదు. అదొక్కటే కాదు. ఆ బల్ల వేస్తే నడిచే జాగా ఉండదు, ఉయ్యాల వేస్తే ఆమె మోకాళ్లకు తగులుతుంది.

"ఉండేది ఇద్దరం బావా. ఎనిమిది కుర్చీలేం జేసుకుంటం? పూటకొక్కదాంట్ల కూసోవాల్నా?" అంది ఆమె.

ఆయన నవ్వాడు. ఆమె నవ్వింది. ఇద్దరికీ ఒకటే నవ్వు, ముందు భుజాలు కదిలి తర్వాత గొంతు వస్తుంది. ఒకే ఇంటి రక్తం, అంతకంటే ఏం లేదు. నాకది అప్పుడు తట్టలేదు. వీళ్లిద్దరూ ఎన్నిసార్లు కలిసి నవ్వితే ఇట్లా కుదిరింది అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడే ఆమె లేచి బీరువా దగ్గరికి పోయింది. తలుపు తెరిచి లోపలికి చూసింది, మూసింది. మూసిన తలుపు మీద అరచేయి పెట్టి పైనుంచి కిందికి మెల్లగా నిమిరింది, చంటిపిల్ల వీపు నిమిరినట్టు.

ముప్పై ఏళ్లు టేకు మధ్య బతికిన నా ఇంట్లో ఉన్నవి ఇనుప మంచం, ప్లాస్టిక్ కుర్చీలు. డిపోలో పని చేసి కూడా ఒక్క చెక్క ఇంటికి తేలేదని, అంత నిజాయితీపరుణ్ణని నేను చెప్పుకుంటుంటాను. ఎవరూ దొంగతనంగా తెమ్మనలేదు. వేలంలో చిన్న ముక్కలు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆమె ఒకసారి చిన్న బీరువా చేయించమని అడిగింది. చూద్దామన్నాను. చూడలేదు.

ఆ చేయి అట్లా నిమురుతుంటే నాలో ఏదో భగ్గుమంది. పోయి బీరువా అంచు గోటితో గీకాను, వాసన చూశాను. గీకకముందే నాకు తెలుసు. నడి అడవి టేకు, అంతా చేవే, బెరడు కింది మెత్తటి తెల్లచెక్క లేదు, మొదటి రకం. చేయి తుడుచుకుని అన్నాను:

"ఇది టేకు గాదన్నా. నల్లమద్ది. పాలిష్ మీద టేకు లెక్క నడుస్తది."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ అన్నాడు: "ముప్పై ఏండ్లు డిపోల చేసినోనివి. నువ్వే అన్నంక ఇంకేమున్నది తమ్మీ. ఇంటి ముచ్చట గూడ ఇడిసిపెట్టు. హుజూరాబాదోళ్లకే ఇస్త."

చర్చి ముందు చెప్పే కథలో ఇక్కడ ఆయనకు చెమటలు పడతాయి. పట్టింది నాకు.

ఆటోలో ఆమెను ఇంటికి తీసుకొచ్చాను. అద్దె ఇంటి మెట్లు ఎక్కుతూ తొమ్మిదో మెట్టు మీద కూర్చుండిపోయింది. నేను చేయి అందించాను. పట్టుకోలేదు.

"బీరువ తలుపు లోపట పర్మిట్ కాయిదం అంటించి ఉన్నది. టేకు అని రాసి ఉన్నది. కింద నీ సంతకం ఉన్నది," అంది.

టేకు సామాను చేయించుకున్నవాళ్లు ఆ పర్మిట్‌ను పారేయరు. ఎవరైనా వచ్చి ఈ కలప ఎక్కడిదని అడిగితే చూపించడానికి బీరువా తలుపు లోపల అంటించి పెట్టుకుంటారు. ఈ సంగతి ఊళ్లో అందరికంటే నాకే బాగా తెలుసు. నేను రాసిన పర్మిట్లు ఎన్ని తలుపుల వెనక ఉన్నాయో. ఈ తలుపు వెనక ఒకటుందని మాత్రం మరిచిపోయాను.

ఆయన మా డిపోకు రావడం నిజమే. మాకు పెళ్లయిన కొత్తలో, వేలంలో దుంగలు పాడుకుని పర్మిట్ కోసం వచ్చాడు. మీ బావ వచ్చాడని, చుట్టం కదాని దగ్గరుండి మంచి దుంగలు ఇప్పించానని ఆ వారం ఇంటికి పోయి ఆమెకు చెప్పాను. నేను ఇప్పించింది ఏమీ లేదు. ఆయన వచ్చింది పొద్దున. ఆయన కాగితాన్ని అన్నిటికంటే అడుగున పెట్టి, తర్వాత వచ్చినవాళ్లందరికీ రాసి పంపి, చీకటి పడే వేళకు ఆయనకు సంతకం పెట్టాను. ఎండాకాలం. మంచినీళ్లు కావాలా అని కూడా ఆయన్ను అడగలేదు నేను.

"నువ్వే దగ్గరుండి ఇప్పిచ్చిన దుంగలాయె. రేపు పోయి అది టేకే అని చెప్పిరా," అంది ఆమె మెట్టు మీదనుంచే. "ఇల్లు రాకుంటె రాకపోనీ. గీ మెట్లు ఎక్కుకుంటనే ఉంట. గా మాట మాత్రం ఆయనింట్ల గట్ల పడి ఉండొద్దు."

మర్నాడు తలెత్తుకుని పోయాను. అంటే చర్చి గోడ చుట్టూ మూడుసార్లు తిరిగి, అరకిలో ద్రాక్షపళ్లు కొని, అవి చేతిలో ఉన్నాయి కదా ఇక తప్పదనుకుని పోయాను.

ఆయన వాకిట్లోనే ఉన్నాడు. నిలబడే చెప్పాను. "టేకే అన్నా. మొదటి రకం. నిన్న అబద్ధం ఆడిన."

"ఎర్కే," అన్నాడు. "కాయిదం మీద ఉన్నది నీ రాతనే గదా." లోపలికి రమ్మన్నాడు. కూర్చున్నాక మెల్లగా అన్నాడు: "పాత సామాను కొనేటోళ్లు ముగ్గురు వచ్చిండ్రు తమ్మీ. ముగ్గురూ టేకు గాదనే అన్నరు, ధర కొట్టేటందుకు. వాళ్లు అంటే నవ్విన. నువ్వు అంటే నవ్వు రాలే."

అందుకే ఆ సామాను మా నెత్తిన పెట్టాలని చూశాడన్న మాట. తుక్కు ధరకు ఇవ్వడానికి మనసొప్పక, ఇల్లు అడ్డం పెట్టి ఆ విలువ మా దగ్గర రాబట్టుకోవాలనుకున్నాడు. హుజూరాబాద్ పార్టీ ఉందా అని అడిగాను. ఒకాయన ఫోన్ చేసిండు, మళ్లీ చేయలే అన్నాడు.

నాకు బుద్ధి పని చేసిన ఘడియ ఈ కథలో ఇదొక్కటే. "ఇంత మంచి కలప మా ఇద్దరికెందుకన్నా? విలువ తెలిసినోనికే అమ్ముదాం. నేను అమ్మిపెడత. సామాను లేకుండ ఇల్లు మాత్రం మాకియ్యి," అన్నాను.

దయతో అన్నాననుకునేరు. రోజూ పొద్దున లేచి మా ఆవిడ ఆ తలుపు నిమరడం చూసే ఓపిక నాకు లేదు.

ఆయన సరేనన్నాక, ఆదిలాబాద్‌లో తెలిసిన ఒక కలప వ్యాపారిని పిలిపించాను. రెండు రోజులు ఆ ఇంట్లో టేపు పట్టుకుని ఒక్కో వస్తువూ కొలిచి, దాని చేవ ఎట్లాంటిదో, గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో, ఇట్లాంటి చెట్టు ఇప్పుడు ఎందుకు దొరకదో పొగుడుతూ చెప్పాను. పక్కన మా ఆవిడ, ఆమె పక్కన ఆయన. నా జన్మలో ఆమెను కూడా అంత వివరంగా పొగడలేదు. "మస్తు చెప్తడు గద మీ ఆయన," అన్నాడు ఆయన ఆమెతో. ఆమె భుజాలు కదిలాయి. గొంతు రాలేదు.

వ్యాపారి బీరువా తలుపు లోపలి పర్మిట్ చదివి, నా ముఖం చూసి, ఇక బేరమాడలేదు. ఆయన అనుకున్న ధర వచ్చింది. ఇంటి ఒప్పంద కాగితం రాసుకునే రోజు ఫ్యాన్లు ఎవరివని చిన్న పేచీ వస్తే దాన్ని మా ఆవిడే తేల్చింది. "గోడకున్నది, కప్పుకున్నది ఇంటిది బావా. కాళ్లున్నదంత నీది." ఇంతకు మించిన ఉపాయం నా కథలో లేదు. చర్చి ముందు ఈ మాట కూడా నేనన్నట్టే చెబుతాను.

కాళ్లున్నవన్నీ వ్యాను ఎక్కాయి, ఒక్కటి తప్ప. అద్దం బల్ల ముందు ఉండే పీట. మూరెడు ఎత్తు, నాలుగు కాళ్లు. దాన్ని వ్యాపారి వదిలేసి పోయాడని ఇంట్లో చెప్పాను. వదిలేయలేదు. గల్లీ చివర వ్యాను ఆపి, వ్యాపారి ఆయనకు ఇచ్చిన దానికి రెండింతలు పెట్టి కొన్నాను. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి ఆమె వంగలేకపోయేది. గడప పక్కన కూర్చోవడానికి సరిగ్గా అంత ఎత్తుదే కావాలి. ఒక టేకు ముక్క నేను ఆమెకు కొనడం అదే మొదలు. అదీ ఆయన ఇంటిదే.

మేం చేరాక మొదటి ఆదివారం ఆయన పెద్దపల్లి నుంచి పొద్దున్నే వచ్చాడు, చర్చికి ముగ్గురం కలిసి పోదామని. ఆమె గడప పక్కన ఆ పీట మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. ఆయన పీట వైపు చూశాడు. నా వైపు చూశాడు. అన్నీ అమ్మిపెట్టానని గొప్పలు పోయినవాణ్ణి ఆ క్షణాన ఏమైనా అనొచ్చు. డిపోలో ఎండలో కూర్చోబెట్టిన సంగతి కూడా ఇన్నేళ్లూ ఆయన ఆమెతో అననేలేదని మెట్ల మీద ఆ రోజే నాకు తెలిసింది.

"పదండ్రి, గంట కొడ్తరు," అన్నాడు, అంతే.

ఆమె పీట మీద చేయి ఆనించి లేచింది. నేను చేయి చాచాను, ఆయన చాచలేదు. అందులో కూడా నాకంటే ముందే ఉన్నాడు. చేతులు ఆమెకు అక్కర్లేదు. గల్లీలోకి దిగి మా ఇద్దరికంటే నాలుగడుగులు ముందు నడిచింది. వెనక ఆయన గొంతు సవరించుకుంటున్నాడు, పాడడానికి. నేనూ సవరించుకున్నాను.