మిషన్‌కు పెట్టిన బొట్టు

మాది పాలమూరు. 2012ల చిక్కడపల్లి దిక్కు మూతపడ్డ ఒక ప్రింటింగ్ ప్రెస్‌ను మ్యూజియం చేస్తుంటే తాపీ పనికి పోయిన. కొత్త గోడ పాతగ కనపడాలెనంట, పాత గోడకు సున్నం తగలొద్దంట. ఇంజనీరు మేడం మాటలకు రోజూ పరేషానే.

దసరా నాడు మా తాపీలు, పారలు కడిగి పూజ చేసినం. మూలకున్న పెద్ద అచ్చు మిషన్ బోసిగ అనిపిస్తే దానికీ పసుపు రాసి బొట్లు పెట్టిన.

తెల్లారి మేడం మొఖం మాడిపోయింది. "ఉన్నది ఉన్నట్టే ఉండాలని చెప్పిన కదా మేస్త్రీ" అన్నది. పని పోయిందనుకొని తడిబట్టతోని తుడవబోయిన.

అప్పుడే ఒకప్పుడు ఆ మిషన్ నడిపిన పెద్దాయన వచ్చిండు. చెప్పులు విడిచి మిషన్‌కు దండం పెట్టిండు. "ఏటా గిట్లనే చేసేటోళ్లం అమ్మా. ఇప్పుడు మా మిషన్ లెక్క కనపడుతున్నది" అన్నడు. మేడం నా చేతిలకెళ్లి బట్ట గుంజుకున్నది.

మ్యూజియం తెరిచినంక చూడబోయిన. బొట్లు అట్లనే ఉన్నయి, ముందర తాడు కట్టిన్రు. నేను చేసింది తప్పో ఒప్పో ఇయ్యాల్టికీ సమజ్ కాలే. దగ్గరికి పోయి వంగి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చిండు.

"జర దూరం జరుగన్నా, ముట్టొద్దు" అన్నడు.

జరిగిన.