ఒక్క ఆమేన్

మొన్న మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసింది. తను ఉండే ఆడపిల్లల హాస్టల్‌లో సిస్టర్స్ అని ఒక బృందం ఉందట. అందులో చేరాలనుకున్న పిల్ల అందరి ముందూ కుర్చీ ఎక్కి తన సంగతి చెప్పుకోవాలి, తరువాత ఎక్కువ చేతులు లేస్తేనే చేర్చుకుంటారు. ఈసారి వచ్చిన పిల్లకు అక్కడ వేరే స్నేహితులు లేరు, ఆమె చెప్పింది ఎవరికీ నచ్చనూ లేదు. చేయి ఎత్తాలో వద్దో మా అమ్మాయికి తోచడం లేదు. "మమ్, జస్ట్ ప్రే, ఓకే?" అని పెట్టేసింది. ఇదంతా లోకరీతి, అందులోంచి బయటికి రమ్మని చెప్పబోయినదాన్ని, టార్నీట్‌లో మా వంటగదిలో ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో, క్లేటన్‌లో మేమూ అదే చేశాం మరి.

ఆ రోజుల్లో చదువుకు వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒక్కో అద్దె ఇంట్లో ఎంతమందిమి సర్దుకునేవాళ్ళమో. మా ఇంట్లో ఐదుగురం, అందరం విశ్వాసుల పిల్లలమే. గది కోసం వచ్చిన అమ్మాయి శనివారం సాయంత్రం ప్రార్థనలో సాక్ష్యం చెప్పాలి, ప్రభువు తనను ఎలా పిలిచాడో. మాలో ఒక్కరు ఆమేన్ అంటే చాలు, చోటు దొరికినట్టే. వెంటనే కోడికూర గిన్నె మూత తీసేవాళ్ళం.

ఒక శనివారం నల్గొండ అమ్మాయి పెట్టెతో సహా వచ్చింది. తలమీదికి ముసుగు నేనే ఇచ్చాను. మా అమ్మకు భక్తి ఉంది గాని నాకింకా ఏమీ తెలియలేదక్కా, అబద్ధం చెప్పలేను, అంది. మరి ప్రభువు కాక నిన్ను విమానం ఎవరు ఎక్కించారు, మీ మేనమామా, అని ఒకరు నవ్వితే, అవునక్కా, ఆయనే, అంది. మాలో పెద్దక్క కళ్ళు తెరవలేదు. ఆమేన్ నా నాలుక చివరిదాకా వచ్చింది. నా సాక్ష్యమే మా ఊరి పాస్టరమ్మగారు దిద్దిపెట్టినది. ఆ ఇంట్లో నేను విన్నవాటిలో నిజమైనది ఆ పిల్లదే. అయినా పెద్దక్క ఏమనుకుంటుందోనని ఊరుకున్నాను. ప్రార్థించి చెబుతాం అన్నాం. ఆమె ముసుగు మడిచి నా ఒళ్ళో పెట్టి, పెట్టె ఈడ్చుకుంటూ బస్టాపు వైపు వెళ్ళిపోయింది. పరదేశిని చేర్చుకోమన్న వాక్యం కంఠతా వచ్చిన నేను మర్నాడు చర్చిలో రొట్టె, ద్రాక్షారసం అందుకుని ప్రభువు బల్లలో పాలుపుచ్చుకున్నాను కూడా.

ఇప్పుడెవరూ సాక్ష్యం అడగరు. ఫోన్‌లో గది చూసుకుంటారు, నంబరు నొక్కి గుమ్మం పక్క డబ్బాలోంచి తాళంచెవి తీసుకుంటారు, పక్కగదిలో ఎవరున్నారో తెలియకుండానే చదువు ముగిస్తారు. అదే నయమని ఒకసారి అనిపిస్తుంది. మరోసారి ఆ ఐదుగురి మధ్య నేలమీద కూర్చోవాలనిపిస్తుంది. అంత ప్రేమగల ఇల్లు నాకు మళ్ళీ దొరకలేదు, ఆ పిల్లను పంపేసిందీ ఆ ఇల్లే. ఈ రెండూ ఒకచోట ఎలా ఉన్నాయో ఇన్నేళ్ళ ప్రార్థనలోనూ నాకు తేటపడలేదు.

చేయి ఎత్తు తల్లీ, అని మాత్రం అమ్మాయికి రాసి పంపాను. సాయంత్రం జవాబు వచ్చింది: "ఎత్తాను మమ్. నేనొక్కదాన్నే."

అక్కడ ఒక్క చేయి చాలదట. మా ఇంట్లో ఒక్క ఆమేన్ చాలేది.