చుక్కి బదులు మొరిగినవాడు

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. బంగారుపాళ్యం దాటినాక వచ్చే దేవరాజులు అనే ఆసామి మామిడితోటకు ఆదిమూలం కావలి. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లాం పోయాక ఆ ఉన్న రెండు మాటలూ చుక్కితోనే. చుక్కి అతని కుక్క. కోతుల మంద దిగిందంటే తోటంతా పరుగెత్తి తరిమేది. పేరుకు కావలి ఆదిమూలమే గానీ, కాపు దక్కేది దాని కాళ్ల చలవతోనే.

ఆ ఏడు పిందెలప్పుడు చుక్కికి దగ్గు పట్టుకుంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని ఆదిమూలం వేలు పెట్టి వెతికాడు, అరటిపండు మింగించాడు. దగ్గు తగ్గలేదు. పడుకుంటే మరీ ఎక్కువ. కడుపు ఉబ్బింది. ఒకనాడు కోతి వెంట పరుగెత్తుతూ దారిలోనే కూలబడింది. కాసేపటికి లేచి, ఏమీ జరగనట్టు తోక ఊపింది. ఆదిమూలం మాత్రం దాన్ని ఎత్తుకునే గుడిసెకు తెచ్చాడు.

పాల లారీ ఎక్కించి తిరుపతిలో పశువుల డాక్టరుకు చూపించాడు. ఆయన దాని రొమ్ముకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు.

"గొంతులో ఏమీ లేదప్పా. గుండె వాచింది. మోటారు బలం తగ్గితే నీళ్లు ఎక్కవు సూడు, అట్లనే. రొమ్ములో నీరు చేరతా ఉండాది. పూర్తిగా నయం కాదు. మాత్రలేసి, ఉప్పు మానిపిస్తే కొన్నాళ్లు సుఖంగా ఉంటాది. పరుగు మాత్రం వద్దు."

"పరిగెత్తొద్దని దానికెట్ల చెప్పేది సార్?"

అందుకు డాక్టరు దగ్గర మందు లేదు.

మాత్రలు బెల్లంలో దాచి పెట్టాడు. చప్పిడి సంగటికి చుక్కి మొహం తిప్పుకుంటే, అదే ముద్దలో సగం తాను తిని చూపించాడు. అది నిద్రపోతుంటే పక్కటెముకల వంకే చూస్తూ కూర్చునేవాడు. అవి తొందర తొందరగా ఎగిరితే మళ్లీ నీరు చేరినట్టేనని డాక్టరు చెప్పి ఉన్నాడు. అంతా బాగానే ఉంది గానీ, కొమ్మ కదిలితే చాలు, చుక్కి లేచేది. కట్టేస్తే గొలుసుతో పెనుగులాడి ఇంకా రొప్పేది.

ఒక పొద్దున కొమ్మ కదలగానే, అది లేచేలోగా ఆదిమూలం తనే మొరిగాడు. చుక్కి విస్తుపోయి చూసింది. ఎవరో చూసుకుంటున్నారులే అన్నట్టు మళ్లీ తల వాల్చింది. దొరికింది మందు!

ఇక రోజూ అదే పని. మనుషులతో మాట్లాడని ఆ గొంతు తోటంతా మొరుగుతూ తిరిగింది. దేవరాజులు కళ్లారా చూసి పగలబడి నవ్వాడు.

"కుక్క పని కుక్క, గాడిద పని గాడిద చెయ్యాలంటారు. నీకేం పట్టిందబ్బా? దాన్ని వదిలెయ్, వేరే కుక్కను తెచ్చిస్తా."

"ఒక్క కాయ పోయినా నన్నడుగు సామీ. దాన్ని మాత్రం ఉండనీ."

అంత పెద్ద మాట ఆదిమూలం జన్మలో ఎవరితోనూ అనలేదు.

కాయలు దించేదాకా చుక్కి బతికింది. ఆఖరి లారీ పోయిన మధ్యాహ్నం, అతను చూస్తుండగానే ఆ పక్కటెముకలు ఆగిపోయాయి. గుడిసె పక్కనే పూడ్చాడు.

మర్నాడు ఎక్కడో కొమ్మ కదిలింది. చెట్ల మీద కాయ లేదు, కాయడానికి ఏమీ లేదు. అయినా ఆదిమూలం గట్టిగా మొరిగి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు, చుక్కి లేవకుండా పడుకునే ఉందా అని. అప్పుడు ఏడ్చాడు.