మూడు వత్తుల స్పిరిట్ దీపం

మందమర్రిలో మా చిన్నప్పుడు... గని నుంచి వచ్చి ఒళ్లు కడుక్కోగానే బాపు గడపలో కూర్చుని ఇత్తడి ముక్కలను ఆకురాయితో రాసేవాడు. అరచేతి వెడల్పు బాయిలర్, ఒక చక్రం, చిటికెన వేలంత గొట్టం... నిజమైన ఆవిరి ఇంజిన్‌కు బుల్లి నకలు. చూడటానికి బొమ్మే కానీ, మా ఇంటి ఆశంతా దాని మీదే ఉండేది.

అప్పుడు బాపుది గనిలో బొగ్గు నింపే పని. దగ్గితే నల్లగా పడేది. గని పైన వర్క్‌షాపులో ఒక ఫిట్టర్ పని ఖాళీ అయింది. "చదువు లేకుంటె మానె, పనితనం చూపియ్యి" అన్నాడట ఫోర్‌మన్ దొర. ఆ పని దొరికితే బాపు మళ్లీ కిందికి దిగక్కర్లేదు.

ఇంజిన్ తయారైంది... చిక్కంతా మంటతోనే. కిరోసిన్ బుడ్డి పెడితే బాయిలర్ అడుగంతా మసి పట్టి వేడి ఎక్కలేదు. ఆముదం దీపం పెడితే నీళ్లు గోరువెచ్చనై ఆగిపోయాయి. బొగ్గు కణికలు పెడితే వేడి చేయి దాటి, ఒక అతుకు కరిగి ఊడింది.

అవ్వ, అంటే మా అమ్మ, నవ్వేది. "బువ్వ వండెటందుకు కట్టెల్లేవు... గీ బొమ్మకు రోజుకో పొయ్యి!"

"జర ఆగవే. రేపు గీ బొమ్మనే మనకు బువ్వ పెడ్తది."

చివరికి కుర్చీలకు పాలిష్ పట్టే వడ్లాయన దగ్గర బాపుకు స్పిరిట్ దొరికింది. ఆయన కొట్టులోనే రేకు డబ్బాకు మూడు గొట్టాలు అతికి, నూలు వత్తులు పెట్టి దీపం చేశాడు. నీలి మంట, మసి లేదు. ఎండలో కనబడదు కాబట్టి చెయ్యి అడ్డం పెట్టి చూడాలి. వత్తి బిర్రుగా కూరితే స్పిరిట్ పైకెక్కదు. బాయిలర్‌లో నీళ్లు ఇంకకముందే మంట ఆరిపోయేలా కొలిచి పోయాలి. ముందే పోసి పెడితే గాలికి ఎగిరిపోతుంది, వెలిగించే ముందే పోయాలి... ఇవన్నీ ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వడ్లాయన చెబితే తెలిశాయి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. సారా వాసన.

మేము మిషన్ సంఘం వాళ్లం. బాప్తిస్మం నాడు బాపు సంఘం ముందు నిలబడి, ఇక సారా ముట్టనని ప్రమాణం చేశాడు. నేనేమో నాలుగు వాక్యాలు కంఠస్థం రాగానే వాడకంతా బోధించే పిల్లను. ఆటకు పిలిచిన వాళ్లకు కూడా నరకం గురించి చెప్పేదాన్ని.

ఆ శనివారం ఉప్పు కుండ వెనక ఒక సీసా కనబడింది. పిల్లల చేతికి అందకూడదని బాపు అక్కడ పెట్టాడని నాకేం తెలుసు? చూస్తే సారా సీసా. మూత తీస్తే ముక్కు మండింది. బాపు మాట తప్పాడు! అవ్వను అడగలేదు. బాపును అడగలేదు. పొద్దస్తమానం పిలిచే దేవుణ్ని కూడా అడగలేదు. పెరట్లో గుమ్మరించి, మంచినీళ్ల కుండలోంచి సీసా నింపి, ఉన్నచోటే పెట్టాను. తాగబోయి సిగ్గుపడాలని...

సోమవారం బాపు నన్ను కూడా వర్క్‌షాపుకు తీసుకెళ్లాడు. "నువ్వు ప్రార్థన చెయ్యి బిడ్డా. నీ మాట దేవుడింటడు."

ఫోర్‌మన్ ముందు, పదిమంది పనివాళ్ల ముందు ఇంజిన్‌ను బల్ల మీద పెట్టాడు. సంచిలోంచి సీసా తీశాడు. అది ఉప్పు కుండ వెనకదే. దీపంలో కొలిచి పోశాడు. అగ్గిపుల్ల గీశాడు. చెయ్యి అడ్డం పెట్టి నీలి మంట కోసం చూశాడు. ఇంకో పుల్ల... ఇంకో పుల్ల...

"ఏం దావీదన్నా, ఇంజిన్‌కు సర్ది అయిందా?" ఒక పనివాడు బాపును అడిగాడు.

"అగ్గికంటె నీ దగ్గే గట్టిగున్నదే!"

అందరూ నవ్వారు. బాపు సీసా మూతికి వేలు రాసి నాలుకకు పెట్టుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. అంతే... మొత్తం తెలిసిపోయింది. "నేనే పారబోసిన" అంటే చాలు. ఊరికి బోధించిన నోరు తెరుచుకోలేదు.

"తప్పు నాదే దొరా. సీస మారింది. రేపు మళ్ల చూపిస్త."

"రేపు లేదు గీపు లేదు. ఇయ్యాలనే పేరు రాసి పంపాలె."

ఆ పని ఇంకొకరికి పోయింది. దారిలో నేను ఏడుస్తుంటే బాపు ఒక్కటే అన్నాడు. "అది తాగెడిది గాదు బిడ్డా, కాలెడిది. అడుగుతె చెప్తుంటి గద."

బైబిల్ కథలో పెళ్లికొడుకు కోసం ఎదురుచూసే బుద్ధిలేని కన్యకలు తమ దివిటీలకు నూనె తెచ్చుకోలేదు. వాళ్లు నాకంటే నయం. నేను మా బాపు దివిటీలోది దేవుడి పేరు మీద పారబోశాను.

బాపు మళ్లీ గనిలోకి దిగాడు. ఆ ఏడు వానాకాలం పోకముందే ఉప్పు కుండ వెనక ఇంకో సీసా కనబడింది. ఈసారి అది నిజంగానే సారా. పారబోయడానికి నా చెయ్యి లేవలేదు. మూడేళ్లకు ఆయన దగ్గు ఆగింది... ఊపిరితో పాటే.

తర్వాత నేను బైబిల్ పట్టుకుని చొప్పదండి నుంచి జైనూర్ దాకా తిరిగాను. సారా మీద నిప్పులు కురిపించాను. ఎన్ని సీసాలు పగలగొట్టించానో! దేవుడి క్షమాపణ ఉందని గొంతు చించుకుని అందరికీ చెప్పాను. నా దాకా వచ్చేసరికి ఆ మాట తడి వత్తిలాగే అంటుకోదు.

ఆ గనుల్లో ఆవిరి ఇంజిన్లు పోయాయి. మేమున్న ఇళ్ల లైను కూలిపోయింది. బాపు ఇంజిన్ ఏమైందో తెలియదు, మూడు వత్తుల దీపం మాత్రం నా దగ్గర ఉంది. ఇప్పుడు స్పిరిట్ ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. నేను ఒక్కసారి కూడా తెచ్చి పోయలేదు.

మీరూ ఇలా అడగకుండా పారబోసింది ఏదైనా ఉంటే కింద రాయండి... కానీ ఆ మనిషి ఇంకా బతికే ఉంటే మాత్రం ఇక్కడ రాయొద్దు. లేచి వెళ్లి, వాళ్లకే చెప్పండి.