మారెక్కవ్వ నిద్రపోయిన రాత్రి

సాయంకాలం ఎండ పలచబడగానే ప్యానెళ్ల వరుసల మధ్య ఉన్న ఇన్వర్టరు గది వెనక ఫ్యాను ఆగిపోతుంది. ఆగేముందు దాని హోరు సన్నబడుతుంది, రెండు మూడుసార్లు గరగరమంటుంది, ఆ తర్వాత ఏమీ వినపడదు. మా సోలార్ పార్కులో పనిచేసేవాళ్లకు అది ఇంటికి పోయే వేళ అని గుర్తు. ఆడవాళ్లు కొంగులు దులుపుకుంటారు, మగవాళ్లు బైకు తాళాల కోసం జేబులు తడుముకుంటారు. నాకు మాత్రం ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఒక సాయంత్రం కళ్లముందుకొస్తుంది. చలికాలంలో మరీను. మారెక్కవ్వ గుర్తొస్తుంది, ఆమె ముసలి కుక్క బూడిగాడు గుర్తొస్తాడు, ఆ సాయంత్రం నా నోటి నుంచి వచ్చిన ఒక్క "ఊఁ" గుర్తొస్తుంది.

మారెక్కవ్వ మాకు చుట్టం కాదు. మా ఊరు రాయచెర్లులో మా పక్కింటి మనిషి. గొర్రెలు కాసి బతికిన కుటుంబం వాళ్లది. మా అమ్మ శెనక్కాయ చేలల్లోకి కూలికి పోతే, బడి లేని రోజుల్లో నేను మారెక్కవ్వ మంద వెనక తిరిగేదాన్ని. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో పేరు. ఆమె కోపం ఎక్కడ దాచుకుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు. పెద్ద గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. నల్లటి కంబళి నెత్తి మీద ముసుగులా కొప్పెర వేసుకుని, చేత కట్టె పట్టుకుని నడిచేది. పక్కన బూడిగాడు. బూడిద రంగువాడు కాబట్టి ఆ పేరు. అప్పటికి వాడు వయసులో ఉన్నాడు. మంద చుట్టూ తిరిగి రావడంలో వాడికున్న శ్రద్ధ నాకు పుస్తకాల మీద ఉండి ఉంటే ఇంకెక్కడో ఉండేదాన్నని అమ్మ దెప్పేది.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, ఒక ముసురు సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి దూరుతుంటే నేను వేలు చూపించి లెక్కపెట్టబోయాను. మారెక్కవ్వ నా వేలు పట్టుకుని కిందికి దించేసింది.

"ఎంచగూడదు పాపా. ఎంచితే తగ్గుతాయి."

"మరి ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తాది అవ్వా?"

"మీ ఇంట్లో మీ యమ్మ లేకుంటే నువ్వు లెక్కపెట్టి తెలుసుకుంటావా?"

ఆమె దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కసారి అటునుంచి ఇటు చూసింది. "చెవి చీలిన గొర్రె రాలేదు" అని, సంగటి ముద్ద తట్టలో అట్లాగే వదిలేసి, బూడిగాణ్ని వెంటబెట్టుకుని వానలో వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ గొర్రెను భుజాల మీద వేసుకుని వచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోలేదా అని అడిగాను. "జీవం బయట ఉంటే కాపరికి నిద్రేందమ్మే?" అంది, నేను అడగకూడనిదేదో అడిగినట్టు. ఆమె చెప్పిన పాఠాల్లో నాకు కంఠతా వచ్చింది ఇదొక్కటే. వచ్చి ఏం లాభమైందో ముందు ముందు చెబుతాను.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. భూములు లీజుకు పోయాయి, మేత బీళ్ల చుట్టూ ఇనుప వల కంచె లేచింది. మారెక్కవ్వ కొడుకు గొర్రెలు అమ్మేశాడు. ఆమె ఆ రోజు సంతకు పోలేదు, ఇంట్లోనే కూర్చుని కంబళి చిరుగులు కుట్టుకుంది. మిగిలింది బూడిగాడు. నేను వై.ఎన్.హొసకోటలో ఇంటరు లాంటి పీయూసీ ముగించి, ప్యానెళ్లు కడిగే పనిలో చేరి, రెండేళ్లకు ఎనిమిది మంది ఆడవాళ్ల మీద సూపర్‌వైజరునయ్యాను. మా ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. మారెక్కవ్వకు మాత్రం నా ఉద్యోగం పెద్ద తమాషా. "ఏందమ్మే, అద్దాలకు నీళ్లు పోస్తాండారంట, మొలకలు వచ్చినాయా?" అని రోజూ అడిగేది. వచ్చాయి, కోతలకు నువ్వే రావాలి అనేదాన్ని.

బూడిగాడు ముసలివాడైపోయాడు. చెవులు వినపడవు, కంటి మీద పొర, వెనక కాళ్లు ఈడుస్తాడు. అయినా రోజూ మధ్యాహ్నం మా బ్లాకు కంచె దగ్గరకు వచ్చేవాడు. ఒకప్పుడు వాళ్ల మంద నిలిచిన చోటు ఇప్పుడు కంచె లోపల ఉంది. సరిగ్గా ఆ ఇన్వర్టరు గది దగ్గర. వర్షపు నీళ్లు కోసేసి కంచె కింద ఒకచోట సందు ఏర్పడింది. వాడు దానిలోంచి దూరి, గది వెనక ఫ్యాను వదిలే వేడిగాలికి ఒళ్లు అప్పజెప్పి పడుకునేవాడు. సాయంత్రం తానే లేచి ఇంటికి పోయేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ఒక మేక లోపలికి దూరి వైరు కొరికిందని గొడవైనప్పుడు, నా బ్లాకులో సందులన్నీ మూయించానని కాగితం మీద సంతకం కూడా పెట్టాను. ఆ ఒక్క సందు వదిలేసి.

ఆ ఏడు చలి మామూలుగా లేదు. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దు కూడా ఉండదంటారు. దానికి తోడు ఎక్కడో సముద్రంలో తుపాను పుట్టి మాకు ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనపడలేదు. గాలి ఎముకల్లోకి దూరేది. అరసికెరె వైపు రెండు ముసలి ఎద్దులు కొట్టాల్లోనే పోయాయని విన్నాం. ఆ నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, మర్నాడు పొద్దున తనిఖీ అని. ఆ సందు వాళ్ల కంటబడితే నా సంతకం అబద్ధమని తేలిపోతుంది. ఆడవాళ్లను ఇళ్లకు పంపించేసి, నేనే రాళ్లు మోసుకొచ్చి సందులో కూరి, పైన ముళ్లకంప వేసి తీగతో బిగించాను. బిగించే ముందు లోపలికి తిరిగి "బూడిగా!" అని ఒకసారి పిలిచాను. చెవిటివాడి ముందు శంఖమూదడం అంటారే, అక్షరాలా అదే చేశాను. జవాబు లేకపోయేసరికి లోపల లేడనుకున్నాను. గది వెనక్కి వెళ్లి చూడటానికి ఇరవై అడుగులు. వాన పడుతోంది, చేతులు కొంకర్లు పోయాయి, వెళ్లలేదు.

ఇల్లు చేరి తల తుడుచుకుంటుంటే మారెక్కవ్వ మా గడపలో నిలబడింది.

"బూడిగాడు రాలేదమ్మే."

ఇద్దరం కంచె దగ్గరకు నడిచాం. చీకటి పడబోతోంది. గేటు కాపలా ఉండే నరసింహన్న గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. "మధ్యాన్నం లోపల ఉండెప్పా, రూము ఎనక పండుకోనుండె. బయటికొచ్చింది నేను చూల్లేదు" అన్నాడు. గేటు తాళాలు అప్పటికే ఆఫీసుకు చేరాయి. మళ్లీ తెరవాలంటే ఇంజనీరు సారుకు ఫోను చేయాలి. ఫోను నా చేతిలోనే ఉంది. చేస్తే ఎందుకని అడుగుతాడు. కుక్క లోపలికి ఎట్లా పోయిందంటాడు. అన్ని సందులూ మూయించానని సంతకం పెట్టింది ఎవరంటాడు.

నేను ఇట్లా తన్నుకులాడుతుంటే మారెక్కవ్వ ముఖం మాత్రం తేటపడింది. "ఆ కరెంటు రూము కాడనేనా? అయితే భయం లేదు. వెచ్చగా ఉంటాడు. ఇంట్లో నా కాళ్లకాడ పండుకునేదానికన్నా ఆడే మేలు" అంది. రెండడుగులు వేసి ఆగి నావైపు తిరిగింది.

"రాత్రంతా తిరుగుతాంటాది కదమ్మే, ఆ ఫ్యాను?"

పొద్దు పోతే ఇన్వర్టర్లు ఆగిపోతాయి. ఇన్వర్టర్లు ఆగితే ఫ్యాను ఆగుతుంది, గంటలో ఆ గోడ మామూలు రాయి అయిపోతుంది. ఆ రోజు ముసురులో అసలు వేడెక్కిందే తక్కువ. పార్కులో పనిచేసే ప్రతివాళ్లకూ తెలుసు. ఆమెకు తెలియదు. కరెంటు అంటే రాత్రీ పగలూ ఉండేదని, అంత కరెంటు పుట్టే చోట వేడి చల్లారదని ఆమె నమ్మకం. నరసింహన్న తలెత్తి నా ముఖం చూశాడు. "ఊఁ" అన్నాను.

"సరే, పొద్దున్నే వచ్చి తోలకపోతా" అని ఆమె నెమ్మదిగా ఇంటికి నడిచింది. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. నేను పోలేదు. అయినా నా జాగారం ఎవరికి కావాలి?

తెల్లవారి గేటు తెరిచేసరికి మేమిద్దరం అక్కడే ఉన్నాం. పొగమంచులో పది అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. ఆమె కొంగులో రాగి అంబలి చెంబు వెచ్చగా చుట్టుకుని తెచ్చింది. నేరుగా గది వెనక్కి నడిచింది. బూడిగాడు అక్కడ లేడు. ఆమె గోడ మీద అరచెయ్యి పెట్టింది. తీసి, మరోచోట పెట్టింది. తర్వాత ఫ్యాను జాలీ మీద పెట్టి చాలాసేపు అట్లాగే ఉంచింది. అప్పుడు నావైపు తిరిగింది.

"ఇది యా పొద్దుకు ఆగింది?"

"పొద్దు మునగంగానే, అవ్వా."

"నీకు తెలుసునా?"

అబద్ధం ఆడటానికి ఇక చోటు లేదు. "తెలుసు" అన్నాను.

ఆమె కంచె వెంబడి నడిచింది. సందు ఉన్న చోట, లోపలి వైపు, నేను కూరిన రాళ్లకు మూతి ఆనించి పడి ఉన్నాడు బూడిగాడు. రాళ్ల పక్కన నేలంతా గీరి ఉంది. ముందు కాళ్ల గోళ్లు చిట్లి నెత్తురు గడ్డకట్టింది. ఒళ్లంతా తడిసి ముద్దయింది. ఊపిరి ఉంది. ఆమె నేల మీద కూలబడి, వాణ్ని ఒళ్లోకి లాక్కుని కంబళి చుట్టింది. వేలు అంబలిలో ముంచి వాడి నోటికి రాసింది. ఒకసారి నాకాడు. రెండోసారి నాలుక బయటకు రాలేదు. మంచు విడిపోకముందే వాడు పోయాడు. ఎప్పుడు పోయాడో నాకు తెలియలేదు, ఆమె నిమరడం ఆపేసినప్పుడు తెలిసింది.

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవటం లేదు.

"చిన్నప్పటినుంచి మంద కాసినా. జీవం బయట ఉంటే నేను రెప్ప వాల్చింది లేదు. నిన్న నిద్రపోయినా" అంది, ఎప్పటి గొంతుతోనే. "నువ్వు నిద్రపుచ్చినావు."

తిట్టి ఉంటే, కట్టెతో కొట్టి ఉంటే ఎంత బాగుండేదో.

మంద కాచిన కుక్క చచ్చిపోతే, మంద నిలిచిన చోటే గుంత తీసి, తల కింద గుప్పెడు గొర్రె బొచ్చు పెట్టి పూడ్చడం వాళ్ల ఆచారం. ఆ చోటు ప్యానెళ్ల మధ్య ఉంది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు సారు దగ్గరకు వెళ్లి, మారెక్కవ్వ వింటుండగానే, రాళ్లూ సంతకం సంగతితో సహా మొత్తం చెప్పి, అక్కడ పూడ్చుకోవడానికి అనుమతి అడిగాను. ఆయనకు నిజం చెప్పడం ముందురోజు సాయంత్రం చేయవలసిన పని. ఆయన కేకలు వేశాడు, మెమో ఇచ్చాడు, నన్ను సూపర్‌వైజరు పని నుంచి తీసి మళ్లీ ప్యానెళ్లు కడగమన్నాడు. కేబుళ్లు ఉన్న నేల తవ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. చివరకు కంచె బయట, ఆ సందు పక్కనే గుంత తీశాం. మారెక్కవ్వ దగ్గర ఇంకా కాస్త బొచ్చు మిగిలి ఉంది. తెచ్చి తల కింద పెట్టింది. నేను వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు రాళ్లు పెట్టినావు, చాలు. మట్టి నేను ఏసుకుంటా."

ఆ చలికాలమంతా ఆమె నాతో మాట్లాడలేదు. అమ్మ ఇచ్చిన కూర తీసుకునేది, నేను ఎదురైతే దారి ఇచ్చేది. ఉగాది దాటాక ఒక పొద్దున, గోడ మీదినుంచి "మే రత్నా, రోంత ఉప్పు ఉంటే ఇయ్యి" అంది. కాస్త అడిగితే నేను ఉప్పు జాడీయే ఎత్తుకొచ్చి గోడ మీద పెట్టాను. ఆ తర్వాత మామూలుగానే మాట్లాడింది. అద్దాల మొలకల గురించి మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను మళ్లీ సూపర్‌వైజరునైనప్పుడు కూడా. ఇంకో కుక్కను తెచ్చుకోలేదు.

మూడేళ్ల తర్వాత ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. ఆసుపత్రిలో పెట్టారు. కొడుకూ కోడలూ, చూడవచ్చిన చుట్టాలూ అందరూ ఒకటే మాట. "ఏం కాదు, వారంలో లేచి తిరుగుతావు." డాక్టరు వాళ్లకు చెప్పింది వేరు. నేను వెళ్లిన రోజు వరండాలో కొడుకు నన్ను పట్టుకుని, డాక్టరు అన్నది చెప్పి, "అమ్మకు ఏమీ చెప్పొద్దు రత్నా, నెమ్మదిగా ఉండనీ" అని బతిమాలాడు. సరేనన్నాను. లోపల ఆమె సగం అయిపోయి ఉంది. గ్లూకోజు సూది ఉన్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో కోడలిని బయటకు పొమ్మని సైగ చేసింది. తలుపు మూసుకున్నాక నా ముఖంలోకి చూసింది.

"ఈళ్లంతా నన్ను జోకొడతాండారు. నువ్వు చెప్పు. డాక్టరు ఏమన్నాడు?"

కొడుకుకు ఇచ్చిన మాట ఉంది. నోట్లో "ఊఁ" సిద్ధంగా కూడా ఉంది. ఆమె చూపు మరల్చలేదు.

"నయం కాదవ్వా" అన్నాను. "నెల కూడా కష్టమన్నాడు."

ఆమె కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు చూసింది. "అట్లనా. అయితే ఈ పొద్దే ఇంటికి తోలకపోండి. ఎండలో కూచోవల్ల" అంది. కొడుకు నా మీద మండిపడ్డాడు, చాలాకాలం మాట్లాడలేదు. కానీ తల్లిని ఇంటికి తీసుకుపోయాడు. ఆమె పంతొమ్మిది రోజులు బతికింది. ప్రతి పొద్దునా వాకిట్లో నులకమంచం మీద ఎండ తగిలేలా కూర్చుని, వచ్చినవాళ్లకు ఎవరికి చెప్పవలసింది వాళ్లకు చెప్పుకుంది. నాకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు.

ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట ఆమె అనలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అంతమంది సొంతవాళ్లు ఉండగా, నిజం కావలసి వచ్చినప్పుడు మాత్రం నన్నే అడిగింది.